పితూరీ నుంచి స్వాతంత్ర్య యుద్ధానికి: రంప కొండలు, అండమాన్ దీవులు

వలసపాలన కింద బతికిన సమాజంలో అశాంతి పుట్టడం వింత కాదు. శిస్తు పెరిగినప్పుడు, తాతల నాటి నుంచి తిరిగిన అడవికి రాత్రికి రాత్రి హద్దురాళ్లు పడినప్పుడు, కూలి ఇవ్వకుండా రోడ్డు పనికి తోలుకుపోయినప్పుడు జనం తిరగబడిన ఉదంతాలు తెలుగు జిల్లాల చరిత్రలో కొల్లలుగా ఉన్నాయి. పితూరీలని పిలిచిన ఆ తిరుగుబాట్లలో చాలావరకు ఏ బాధ నుంచి పుట్టాయో ఆ బాధ కొంచెం తగ్గగానే చల్లారాయి, లేదా సర్కారు తుపాకుల ముందు నిలవలేక ముగిసిపోయాయి. వాటిలో కొన్ని మాత్రం స్వాతంత్ర్య యుద్ధంగా ఎలా మారాయన్నదే ఈ ఉపన్యాసం పరిశీలించే ప్రశ్న. నాయకుడి తెగువ, ఆయుధాల లెక్క, పోరు సాగిన కాలం అనేవి ఆ తేడాను పూర్తిగా వివరించవు. తిరగబడినవారు తమ కష్టానికి కారకులుగా ఎవరిని గుర్తించారు, ఎవరికి అర్జీ పెట్టుకోవడం మానుకున్నారు అనే రెండు సంగతులను వెంబడిస్తే, దళారీ మీద రేగిన కోపం ప్రభుత్వపు ఉనికినే కాదనేంతగా ఎదిగిన క్రమం స్పష్టమవుతుంది.

ఈ ప్రశ్నను అండమాన్ దీవుల్లోని ఆస్టినాబాద్‌లో, తెలుగు శ్రోతల ఎదుట చర్చించడానికి తగిన కారణం ఉంది. 2024 నుంచి శ్రీ విజయపురం అని వ్యవహరిస్తున్న పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల పల్లెల్లో అనేకం ఖైదీలను ఇక్కడికి పంపిన శిక్షావాస కాలంలో వెలిసినవి. శిక్షలో కొంత భాగం పూర్తిచేసి, సత్ప్రవర్తన కింద భూమి పొంది, సొంత కష్టంతో బతికే ఖైదీలను అప్పటి అధికారులు 'సెల్ఫ్ సపోర్టర్లు' అనేవారు, వారి సంతతి నేడు 'లోకల్ బార్న్' సమాజంగా గుర్తింపు పొందింది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చి స్థిరపడినవారి వల్ల తెలుగు ఈ దీవుల ప్రధాన భాషల్లో ఒకటైంది. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగే. అయితే ఈ వలసకు ఎన్నో దశాబ్దాల ముందే తెలుగు కొండల నుంచి కొందరు ఈ దీవులకు వచ్చారు. వారు కోరి రాలేదు. రంప పితూరీ ఖైదీలుగా గొలుసులతో వచ్చారు. వారిలో ఎక్కువ మంది పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఈ ఉపన్యాసం వారి స్మృతికే అంకితం.

వలసల్లో రేగిన అశాంతి స్వాతంత్ర్య యుద్ధంగా మారడానికి ప్రపంచం సాధారణంగా చెప్పుకునే ఉదాహరణ ఉత్తర అమెరికా. 1765 నాటి స్టాంపు చట్టంతో రేగిన వివాదం పదేళ్లపాటు పన్నుల వివాదంగానే సాగింది. 1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్ వద్ద తుపాకులు పేలిన తర్వాత కూడా, ఆ ఏడాది జులైలో వలసల ప్రతినిధులు, తప్పంతా మంత్రులదేనని భావిస్తూ, మూడవ జార్జి రాజుకు వినయపూర్వకమైన విన్నపం పంపారు. రాజు దాన్ని స్వీకరించక, ఆగస్టులో వారిని తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. విన్నపానికి చోటు లేదని తేలిన ఏడాదిలోపే, 1776 జులైలో, రాజునే నేరుగా దోషిగా నిలిపిన స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. అమెరికా వలసవాసులకు సొంత శాసనసభలు, అచ్చుయంత్రాలు, ఓడలు ఉన్నాయి. పైగా వారు తామే ఇంకొకరి నేలను ఆక్రమించుకుని స్థిరపడిన శ్వేతజాతీయులు. కొండరెడ్లకు, కోయలకు అటువంటి బలమేదీ లేదు. అయినా అర్జీ తిరస్కరణకు గురైన చోటే యుద్ధం మొదలవుతుందనే క్రమం రెండు చోట్లా ఒకటే.

ఆ యుద్ధంలో 1781లో యార్క్‌టౌన్ వద్ద లొంగిపోయిన బ్రిటిష్ సేనాధిపతి కారన్‌వాలిస్, అయిదేళ్ల తర్వాత గవర్నర్ జనరల్‌గా కలకత్తాకు వచ్చాడు. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో ఈ దీవుల్లోని చాతంలో తొలి ఆంగ్ల స్థావరం నెలకొల్పింది ఆయన హయాంలోనే; జబ్బుల వల్ల ఆ ప్రయత్నం 1796లో ఆగిపోయింది. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు ఒప్పందాన్ని అమలు చేసినదీ ఆయనే. భూమి మీద శిస్తును శాశ్వతంగా నిర్ణయించి, దాన్ని వసూలు చేసి కట్టే పూచీని జమీందారుకు అప్పగించే ఈ పద్ధతి 1802లో మద్రాసు రాజధానికి, తద్వారా ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాలకు వచ్చింది. అప్పటికే, 1794 జులైలో, పేష్కషు (కప్పం) బకాయిల మీద రేగిన తగవులో విజయనగరం చిన్న విజయరామరాజు పద్మనాభం వద్ద కుంపిణీ సేనలతో పోరాడి మరణించారు. మైదానంలో జమీందారు ద్వారా, కొండల్లో మన్సబ్దారు, ముఠాదారుల ద్వారా పాలించే ఈ ఏర్పాటులో ప్రభుత్వం జనానికి నేరుగా కనపడదు. కనపడేది మధ్యలో ఉన్న మనిషే. తెలుగు నేలలో తొలి పితూరీలన్నీ ఆ మధ్య మనిషి చుట్టూనే ఎందుకు తిరిగాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

1857 జులై 17న హైదరాబాదులో జరిగిన ఘటన దీనికి భిన్నమైనది. ఉత్తరాదిన సిపాయిలు లేచిన కబుర్లతో నగరం ఉడుకుతున్న వేళ, బుల్దానా నుంచి పారిపోయి వచ్చిన జమాదారు చీదాఖాన్‌ను నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ పట్టించి బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించారు. అతన్ని విడిపించాలనే పిలుపుతో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో దాదాపు 500 మంది, ఎక్కువగా రొహిల్లాలు, నేటి కోఠిలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. నిజాం ప్రభుత్వం ముందే హెచ్చరించడంతో రెసిడెంట్ డేవిడ్‌సన్ ఫిరంగులు సిద్ధం చేసుకోగలిగాడు. రాత్రంతా సాగిన పోరు తెల్లవారేసరికి ముగిసింది. ఆయుధబలం రీత్యా చిన్నదైన ఈ దాడిలో గమనించవలసిన విశేషం వేరే ఉంది. దాడి చేసినవారు నిజాం కొలువు మీదికి పోలేదు, షావుకార్ల మీదికి పోలేదు. సంస్థానానికి అసలు ప్రభువెవరో గుర్తించి ఆ గడప మీదికే వెళ్లారు. తుర్రెబాజ్ ఖాన్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాసం, అంటే సముద్రం ఆవల బతికినంతకాలం ఖైదు, విధించారు. ఆయన 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకుని, కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర కాల్పుల్లో మరణించారు. అల్లాఉద్దీన్ మాత్రం పట్టుబడి అండమాన్ చేరారు, ఇక్కడే కన్నుమూశారు. హైదరాబాదు మౌల్వీ ఒకరు ఈ దీవుల తొలితరం రాజకీయ ఖైదీలలో ఉన్నారన్న సంగతి తెలుగువారు మరింతగా గుర్తుంచుకోదగినది.

1858 మార్చి 10న డాక్టర్ జె. పి. వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగడంతో శిక్షావాసం మొదలైంది. తొలి నెలల్లోనే అడవిలోకి పారిపోయి తిరిగి పట్టుబడిన 80 మందికి పైగా ఖైదీలను అతను ఉరితీయించాడు. అడవులు కొట్టి స్థావరం విస్తరిస్తుంటే దీవుల మూలవాసులైన గ్రేట్ అండమానీయులు 1859 మేలో అబర్డీన్ వద్ద విల్లంబులతో ఎదిరించి ఎందరినో కోల్పోయారు. ఖైదీలు ఏ అడవిని నరికితే అది మరొకరి ఇల్లు; వలసపాలనను ఎదిరించి వచ్చినవారి చేతనే వలసపాలన ఇంకొక జాతి నేలను ఆక్రమింపజేసింది. స్వాతంత్ర్య చరిత్ర రాసేవారు ఈ సంగతిని పక్కన పెట్టకూడదు, ఎందుకంటే ఆ యుద్ధంలో ఓడినవారికి తర్వాత ఏ స్వాతంత్ర్యమూ అక్కరకు రాలేదు.

ఇక రంప. గోదావరికి ఉత్తరాన, నేటి రంపచోడవరం చుట్టూ దాదాపు 800 చదరపు మైళ్ల కొండప్రాంతం ఒక మన్సబ్దారు ఆధీనంలో ఉండేది. అతని కింద కొన్ని ఊళ్లు కలిసిన ముఠాలు, ఒక్కో ముఠాకు శిస్తు వసూలుకూ శాంతికీ బాధ్యుడైన ముఠాదారు ఉండేవారు. 1848లో కుదిరిన ఒప్పందం ప్రకారం ముఠాదారులంతా కలిసి మన్సబ్దారుకు ఏడాదికి 8,750 రూపాయలు చెల్లించాలి. అతను అంతకు మించి గుంజుకున్నాడు, ఎదురాడినవారి ముఠాలు లాక్కున్నాడు. ఆ పైన కల్లు వ్యవహారం వచ్చిపడింది. కొండవాసులకు జీలుగు కల్లు, తాటి కల్లు వినోదం కోసం తాగే మత్తుపానీయాలు కావు. ఏడాదిలో కొన్ని నెలలపాటు తిండికి బదులుగా నిలిచే ఆహారం. చెట్టు గీసుకున్నందుకు మన్సబ్దారు వసూలు చేసే పన్నును చిగురుపన్ను అనేవారు. మద్రాసు ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలతో ఇంటి వాడకానికి కల్లు గీయడాన్ని నిషేధించి, ఆ ఆదాయాన్ని పాటకు పెట్టి గుత్తేదార్లకు ఇవ్వగా, గుత్తేదారు ఒకవైపు, మన్సబ్దారు మరోవైపు ఒకే చెట్టు మీద పన్ను అడిగారు. చిగురుపన్నుకు అదనంగా మొదలుపన్ను అనే మరో వడ్డింపు రాబోతోందన్న వార్త కూడా పాకింది.

అంతటితో ఆగలేదు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు చింతపండు, కరక్కాయ వంటి అడవి సరుకు కోసం కొండవాసులకు బదుళ్లిచ్చి, అర్థం కాని పత్రాల మీద వేలిముద్రలు వేయించుకుని, దూరాన ఉన్న సివిల్ కోర్టుల్లో దావాలు వేసేవారు. పిలుపు అందక, అందినా దాని అర్థం తెలియక కొండవాసి హాజరు కాకపోతే, ప్రతివాది లేకుండానే డిక్రీ వచ్చేది; అంటే ఒక పక్షం మాటే విని కోర్టు ఇచ్చే తీర్పు. కోర్టు అమీనా పోలీసులను వెంటబెట్టుకుని వచ్చి ఎడ్లను, గింజలను జప్తు చేసేవాడు. కోర్టూ పోలీసూ తన రక్షణకే ఉన్నాయని ప్రభుత్వం చెప్పుకుంటున్నా, కొండమనిషికి అవి వర్తకుడి చేతిలోని పనిముట్లుగానే అనుభవంలోకి వచ్చాయి.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో పోలీసుల మీద దాడులతో మొదలైన తిరుగుబాటు ఏప్రిల్‌లో విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, జులైలో భద్రాచలం తాలూకాకు వ్యాపించింది. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య, పులికంత సాంబయ్య దాని నాయకులు. అడ్డతీగల పోలీసు ఠాణాను తగలబెట్టినది చంద్రయ్య. దారులు లేని అడవి, చలిజ్వరం వారికి రక్షణగా నిలిచాయి. పొరుగు జిల్లాల పోలీసులు చాలక, మద్రాసు పదాతిదళపు ఆరు రెజిమెంట్లు, ఆశ్వికులు, సాపర్లు, హైదరాబాదు కాంటింజెంట్ సైనికులు కూడా దిగవలసి వచ్చింది. 1880 చివరికి గాని కొండలు పూర్తిగా సద్దుమణగలేదు. విచారణకు వచ్చిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్ జనం కష్టాలు నిజమేనని గుర్తించాడు. మన్సబ్దారీ రద్దయింది, ముఠాల శిస్తును నేరుగా ముఠాదారులతోనే ఖరారు చేసుకుని, కల్లు నిబంధనను సడలించారు.

ఈ ముగింపును జాగ్రత్తగా చదవాలి. ప్రభుత్వం కోరిక తీర్చింది, కాని కోరినవారిని శిక్షించింది. మన్సబ్దారు పోవడం న్యాయమే అయితే అతన్ని ఎదిరించినవారిని గొలుసులు వేసి అండమాన్ పంపడం ఎలా న్యాయమైందన్న ప్రశ్నకు ఆనాటి దస్తావేజుల్లో జవాబు లేదు. 1879 నాటివారు రాజ్యాన్ని పడగొట్టాలని బయలుదేరలేదు. మన్సబ్దారు, గుత్తేదారు, పోలీసు అనే మువ్వురి పీడ విరగడైతే చాలనుకున్నారు. కాని ఆ మువ్వురినీ తాకితే బ్రిటిష్ ప్రభుత్వాన్ని తాకినట్టేనని వారికి నేర్పింది ప్రభుత్వమే. 1860 నాటి భారత శిక్షాస్మృతి 121వ సెక్షను ప్రకారం రాణి మీద యుద్ధం చేయడం నేరం, దానికి మరణశిక్ష లేదా యావజ్జీవ ద్వీపాంతరవాసం. పాలనా నివేదికల్లో అలజడిగా, దోపిడీగా తక్కువచేసి చెప్పిన తిరుగుబాటును కోర్టు మెట్లెక్కగానే యుద్ధంగా గుర్తించే వీలు ఈ సెక్షను కల్పించింది. యుద్ధఖైదీకి దక్కవలసిన మర్యాద మాత్రం దక్కేది కాదు.

మన్సబ్దారు తొలగిన తర్వాత కొండల్లో మధ్య మనిషి పలచబడ్డాడు; ఆ ఖాళీలోకి ప్రభుత్వమే తన సొంత రూపంతో వచ్చింది. 1882 నాటి మద్రాసు అడవి చట్టం రిజర్వు అడవులను, అంటే ప్రభుత్వ అనుమతి లేకుండా చెట్టు కొట్టడానికీ మేపడానికీ వీలులేని అడవులను ఏర్పరిచింది. కొండవాలు మీద చెట్లు నరికి కాల్చి, ఆ బూడిద సారంతో రెండు మూడేళ్లు పంట తీసి, మరోచోటికి జరిగే పోడు వ్యవసాయం దానితో నేరమైపోయింది. ముఠాదారులూ మునసబులూ తమ అధికారాలు కోల్పోయి ప్రభుత్వ బంట్లుగా మిగిలారు. 1915–16లో జరిగిన లాగరాయి పితూరీ ఈ మార్పుకు తొలి సూచన. ఆ తర్వాత గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేయించిన రోడ్డు పనిలో జనాన్ని బలవంతంగా దించి, అరకొర కూలి కూడా సరిగా ఇవ్వలేదు. బట్టిపనుకుల మునసబుగిరీ పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర వంటివారికి ఇప్పుడు ఎదురుగా ఉన్నది మన్సబ్దారు కాదు, నేరుగా సర్కారే.

అదే కాలంలో మైదానంలో సహాయనిరాకరణ సాగుతోంది. చీరాల–పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన జనం ఊరొదిలి వెళ్లారు. పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి ఆధ్వర్యాన పన్నుల నిరాకరణ జరిగింది. పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువులు మేపినందుకు కట్టే పన్ను, ఇవ్వబోమన్న కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యారు. చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీజీ అదే నెలలో ఉద్యమాన్ని నిలిపివేశారు. అర్జీ, ఆపైన సత్యాగ్రహం, రెండు దారులూ మూసుకుపోయాయని అనిపించిన ఆ వేసవి గడిచాకే మన్యంలో తుపాకులు మోగాయి. ఈ కాలక్రమాన్ని యాదృచ్ఛికంగా భావించడం పొరపాటు.

అల్లూరి సీతారామరాజు 1917 నాటికే కృష్ణదేవిపేట ప్రాంతానికి చేరుకుని, సన్యాసిగా, వైద్యుడిగా, తగవులు తీర్చే పెద్దగా కొండవాసుల నమ్మకం సంపాదించారు. మద్యం మానమని, కోర్టులకు పోకుండా పంచాయతీల్లో తేల్చుకోమని ఆయన చేసిన బోధ సహాయనిరాకరణ నుంచి తీసుకున్నదే. రైఫిలు పట్టడం మాత్రం ఆయన, గాం సోదరులు కలిసి తీసుకున్న నిర్ణయం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద వరుసగా దాడిచేసి 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు చేజిక్కించుకున్నారు. లాగరాయి పితూరీలో పాల్గొన్న మొట్టడం వీరయ్యదొరను రాజవొమ్మంగి ఠాణా నుంచి విడిపించారు. పాత పితూరీ నాయకుడు కొత్త యుద్ధంలోకి ఇలా నేరుగా నడిచి వచ్చాడు. రెంటి మధ్యా ఇంతకంటే స్పష్టమైన లంకె అవసరం లేదు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో జరిగిన పోరు ఈ ఉపన్యాసం అడిగిన ప్రశ్నకు అతి ముఖ్యమైన సాక్ష్యం. ఇరుకైన కనుమలో పొంచి ఉన్న దళం, ముందు నడిచిన భారతీయ పోలీసులను కాల్చకుండా పోనిచ్చి, వెనుక వచ్చిన ఆంగ్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను మాత్రమే కాల్చి చంపింది. 1879లో కొండవాసుల కోపానికి గురైనవారిలో ఎక్కువ మంది నల్లచర్మం వారే, ఎందుకంటే పోలీసూ గుత్తేదారూ వారే. 1922లో అదే పోలీసు యూనిఫారం తొడిగిన తోటి దేశీయుణ్ణి వదిలిపెట్టి, అతని వెనుక ఉన్న ఆజ్ఞాధికారిని ఎంచుకున్నారు. యుద్ధం ఎవరి మీద అన్నది తేల్చుకున్న సైన్యం మాత్రమే అంతటి నిగ్రహం చూపగలదు. కొండల్లో ఎన్నో ప్రాణాలు పోయిన ఆ రెండేళ్లలో ఈ నియమం అన్నివేళలా చెక్కుచెదరలేదని చెప్పడం సాధ్యం కాదు గాని, దాన్ని ఒక నియమంగా పెట్టుకున్నారన్నది నిస్సందేహం.

అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాల మీదికి వెళ్లినప్పుడు, ముందే ఆయుధాలు తరలించడంతో వట్టి చేతులతో తిరిగి రావలసి వచ్చింది. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద మలబార్ స్పెషల్ పోలీసు దెబ్బకు పలువురు అనుచరులు నేలకొరిగారు. తర్వాతి కాలంలో అస్సాం రైఫిల్స్ కూడా వచ్చింది. 1923 ఏప్రిల్‌లో సీతారామరాజు అన్నవరంలో బహిరంగంగా కనిపించారు, జనం ఆదరించారు, కాని ఎవరూ ఆయుధం పట్టి కొండలెక్కలేదు. మైదానంలోని కాంగ్రెసు నాయకులూ పత్రికలూ హింసామార్గమని దూరంగా ఉండిపోయారు. ఆ సంకోచం సిద్ధాంతరీత్యా నిజాయితీతో కూడినదే కావచ్చు. దాని ఫలితంగా మాత్రం మన్యం ఒంటరిదైంది. ఆకలి, నిర్బంధం, కూడూ గుడ్డా అందకుండా ఊళ్లకు ఊళ్ల మీద వేసిన నిఘా తిరుగుబాటుకు క్రమంగా ఊపిరాడనీయలేదు. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. 1924 మే 7న మంప దగ్గర చిక్కిన సీతారామరాజును కొయ్యూరు వద్ద విచారణ లేకుండా కాల్చిచంపారు. జూన్‌లో గంటందొర పోరులో మరణించారు. మల్లుదొరకు పడిన మరణశిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మారి, తాతల తరం రంప ఖైదీల దారిలోనే ఆయనా అండమాన్ చేరారు.

1896–1906 మధ్య ఏడు బారులుగా కట్టిన సెల్యులార్ జైలు అప్పటికి ఇక్కడ సిద్ధంగా ఉంది. ఒక బారు వరండా ఎదుటి బారు వీపును మాత్రమే చూసేలా కట్టిన దాదాపు 700 ఒంటరి కొట్ల ఉద్దేశం, ఖైదీని ఖైదీ నుంచి విడదీయడం. జరిగింది వేరు. బెంగాల్ విప్లవకారులు, 1915 నాటి గదర్ ఖైదీలు, 1921 నాటి మాపిళ్లలు, పంజాబీ కార్మికోద్యమకారులు, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి, ఎక్కడెక్కడి అశాంతినో వెంట తెచ్చుకున్న మనుషులు ఒకే ప్రాంగణంలో చేరారు. 1933లో జరిగిన నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర బలవంతపు ఆహారం ఎక్కించే ప్రయత్నాల్లో అమరులయ్యారు; 1937 దీక్ష తర్వాత, 1938 నాటికి రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూభాగానికి తరలించారు. చెదరగొట్టడానికి ఎంచుకున్న చోటే దేశవ్యాప్త అశాంతికి ఒక ఉమ్మడి చిరునామాను కల్పించిందనడం అతిశయోక్తి కాదు.

1942 మార్చి 23న జపాన్ సేన ఈ దీవులను ఆక్రమించింది. 1943 అక్టోబరు 21న సింగపూరులో సుభాస్ చంద్ర బోస్ తాత్కాలిక ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించి, కొద్దిరోజుల్లోనే బ్రిటన్, అమెరికాల మీద యుద్ధం ప్రకటించారు. హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్ సఫ్రానీ ఆ ఏడాదే ఆయన వెంట జలాంతర్గామిలో జర్మనీ నుంచి తూర్పుకు వచ్చారు. 'జై హింద్' నినాదం రూపకర్తగా ఆయనను చెబుతారు. మలయా తోటల్లోని తమిళ, తెలుగు కూలీలు చేరిన ఆజాద్ హింద్ ఫౌజుకు అంతకుముందు లేనిది ఒక ప్రభుత్వం, దానికి ఒక నేల. ఆ నేల ఈ దీవులే. 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో బోస్ జాతీయ పతాకం ఎగరేశారు. దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. 1944 తొలినాళ్లలో కల్నల్ ఎ. డి. లోకనాథన్ చీఫ్ కమిషనర్‌గా వచ్చారు.

ఇక్కడ చరిత్రకారుడు రెండు సత్యాలను ఒకేసారి చెప్పవలసి ఉంటుంది. లోకనాథన్ చేతికి విద్యాశాఖ వంటి కొద్దిపాటి వ్యవహారాలే దక్కాయి. పోలీసూ సైనికాధికారమూ జపాన్ వారి గుప్పిట్లోనే ఉన్నాయి. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక నాయకుడూ కవీ అయిన డాక్టర్ దీవాన్ సింగ్ అదే సెల్యులార్ జైలులో జపాన్ చిత్రహింసలకు 1944 జనవరి 14న మరణించారు. బోస్ వచ్చి వెళ్లిన నెలకు, జనవరి 30న, గూఢచారులన్న ఆరోపణతో 44 మందిని హంఫ్రీగంజ్ వద్ద కాల్చి చంపారు. దేశం పేరిట స్వాతంత్ర్య యుద్ధం ప్రకటితమైన నేల మీదే, ఆ నేల జనం మరో ఆక్రమణ కింద నలిగారు. పతాకం ఎగిరిన రోజును పండగగా జరుపుకునేవారు హంఫ్రీగంజ్‌ను కూడా అంతే శ్రద్ధతో తలచుకోవడం న్యాయం.

అయినా ఆ పతాకానికి, ఎగరేసినవారు కూడా ఊహించని చోట, విలువ దొరికింది. యుద్ధం ఓడిన తర్వాత 1945 నవంబరులో ఎర్రకోటలో ఆ ఫౌజు అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల మీద విచారణ మొదలైంది. వారిపై మోపిన ప్రధాన నేరం, రాజు మీద యుద్ధం చేయడం. రంప ఖైదీల తరంలోనే పుట్టిన అదే 121వ సెక్షను. ప్రతివాదుల పక్షాన వాదించిన భూలాభాయి దేశాయి యుద్ధం జరిగిందనే విషయాన్ని కాదనలేదు, దాన్నే తన వాదానికి పునాదిగా చేసుకున్నారు. పరాధీన జాతికి విముక్తి కోసం యుద్ధం చేసే హక్కు ఉందని, వ్యవస్థీకృతమైన ప్రభుత్వం, దానికి సైన్యం, అండమాన్ నికోబార్ వంటి భూభాగం ఉన్నప్పుడు ఆ యుద్ధంలో పాల్గొన్నవారు అంతర్జాతీయ న్యాయం ప్రకారం యుద్ధం చేసినవారే తప్ప దేశీయ చట్టం కింద నేరస్థులు కారని ఆయన వాదించారు. రాజు పట్ల విధేయత, దేశం పట్ల విధేయత ఎదురెదురైనప్పుడు అమెరికా వలసవాసులు ఏది ఎంచుకున్నారో కూడా న్యాయస్థానానికి గుర్తుచేశారు.

సైనిక న్యాయస్థానం ఆ వాదాన్ని అంగీకరించక యావజ్జీవ ద్వీపాంతరవాసమే విధించింది. కాని 1946 జనవరిలో సర్వసైన్యాధిపతి ఆకిన్‌లెక్ ఆ శిక్షను రద్దుచేయక తప్పలేదు. దేశమంతా, చివరికి సైన్యంలోని భారతీయ సిపాయిలు కూడా, ముద్దాయిల పక్షాన ఉన్నారని ఆయనకు తెలుసు. శిక్ష పడినా పంపడానికి శిక్షావాసం కూడా అప్పటికి లేదు; బ్రిటిష్ వారు 1945 అక్టోబరులో తిరిగి వచ్చాక దాన్ని ఎత్తివేశారు. అలజడికీ యుద్ధానికీ మధ్య గీత గీసే అధికారం పాలకుడి చేతి నుంచి జారిపోయింది అప్పుడే. ఎర్రకోట ముద్దాయిలకు దేశంలోని గొప్ప న్యాయవాదులు అండగా నిలిచారు. తమ్మన్నదొర అనుచరులకు వకీలు లేడు, సీతారామరాజుకు విచారణే లేదు. ఎర్రకోటలో వినిపించిన వాదంలోని ప్రతి మెట్టునూ వారు ముందే ప్రాణాలతో కట్టారు.

మల్లుదొర శిక్ష ముగించుకుని మన్యానికి తిరిగి వచ్చారు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభలో కూర్చున్నారు. ఆయన సభ్యుడిగా ఉన్న కాలంలోనే పార్లమెంటు ద్వీపాంతరవాస శిక్షను శిక్షాస్మృతి నుంచి తొలగించి, దాని స్థానంలో యావజ్జీవ కారాగారాన్ని చేర్చింది. పోడును నేరంగా మార్చిన 1882 నాటి మద్రాసు అడవి చట్టం మాత్రం అప్పటికీ ఆంధ్రలో అమలులోనే ఉంది. అది 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చేదాకా పోలేదు. కొండవాసి సాగుచేసుకునే అటవీ భూమి మీద అతనికి హక్కు ఉందని పార్లమెంటు చట్టరూపంలో అంగీకరించింది 2006లో.